తేనెపట్టు ఎందుకు తిరగబడుతుంది?

మాస్టారి పేరున జరిగే ఈ స్మారకోపన్యాసం చెయ్యమని అడిగినప్పుడు ఏ విషయం ఎంచుకోవాలన్న తర్జనభర్జన నాకు కలగలేదు. ఆయన జీవితమంతా తేనెటీగల మధ్యనే గడిచింది. కొత్తగా చేరిన విద్యార్థి ఎవరైనా వచ్చి ఫలానా పెట్టెలో ఈగలకు కోపం ఎక్కువని చెబితే ఆయన ఆ మాటను అక్కడితో వదిలేవారు కాదు. ఎన్ని ఈగలు బయటికొచ్చాయి, ఎంతసేపటికి వచ్చాయి, ఎంతదూరం తరిమాయి, ఆ పూట చేలో పువ్వు ఉందా లేదా, మబ్బు పట్టిందా, ముందురోజు ఆ పెట్టె ఎవరైనా తెరిచారా అని అడిగి, అన్నీ రాసుకుని రమ్మనేవారు. కోపం మన మాట, లెక్క ఈగ మాట అన్నట్టుగా ఉండేది ఆయన పద్ధతి. అందుకే ఈ సాయంత్రం తేనెటీగల 'కోపం' గురించే మాట్లాడతాను. ఒక ప్రాంతపు ఈగలు మనిషి పక్కనుంచి నడిచి వెళ్ళినా పట్టించుకోవు. మరో ప్రాంతపు ఈగలు అంత మాత్రానికే పట్టు ఖాళీ చేసి వెంటబడతాయి. చేతిలో పెట్టుకుని చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఈ తేడా ఎక్కడిది?

నా సమాధానం ముందే చెప్పేస్తాను. తెగబడి కుట్టాలా, ఓర్చుకుని ఊరుకోవాలా అన్నది పట్టు మొత్తం కలిసి తీసుకునే నిర్ణయం. ఆ నిర్ణయం ఎంత తేలిగ్గా జరగాలన్నది ఆ పట్టు పూర్వీకులు ఎలాంటి శత్రువుల మధ్య బతికారన్న దాన్నిబట్టి స్థిరపడుతుంది. శత్రువు మారితే నిర్ణయమూ మారుతుంది, మనం ఊహించనంత త్వరగా మారుతుంది. ఆ శత్రువుల్లో మనిషీ ఒకడు కాబట్టి ఈ చర్చ కీటకశాస్త్రంతో ఆగిపోదు.

ఒక కుట్టు వెనక

పెట్టె ద్వారం పక్కన కూర్చుని కాసేపు చూడండి. కాపలా ఈగలు ముందుకాళ్ళు కాస్త పైకెత్తి, మీసాలు ముందుకు చాచి నిలబడి ఉంటాయి. లోపలికి వచ్చే ఈగను మీసాలతో తడిమి వాసన పట్టి వదులుతాయి. పట్టులో వేలకొద్దీ ఈగలున్నా, ఒక సమయంలో ఇలా కాపలా కాసేవి బహు కొద్ది. పని ఈగ పుట్టిన రెండు మూడు వారాలకు ఈ పనికి వస్తుంది, ఒకటి రెండు రోజులు కాసి మేతకు వెళ్ళిపోతుంది. చాలా ఈగలు తమ జీవితంలో కాపలా కాయనే కాయవు.

ప్రమాదం పసిగట్టిన కాపలా ఈగ పొట్ట చివర పైకెత్తి, ముల్లు బయటపెట్టి, రెక్కలాడిస్తుంది. అప్పుడొక వాసన గాలిలో కలుస్తుంది. బాగా ముగ్గిన అరటిపండు వాసన అది. అందులో ముఖ్యమైన రసాయనం ఐసోపెంటైల్ ఎసిటేట్ అని 1962లో గుర్తించారు. ఆ వాసన తగిలిన ఈగలు ద్వారం దగ్గరికి చేరతాయి. వాటికి ఎదురుగా ముదురురంగు వస్తువు, కదులుతున్నది, జుట్టున్నది, ఊపిరి వదులుతున్నది కనబడితే దాని మీదికి దూకుతాయి.

ముల్లుకు వెనక్కి తిరిగిన పళ్ళుంటాయి. మన చర్మంలో దిగితే తిరిగి రాదు. ఈగ బలవంతంగా ఎగిరితే ముల్లుతోపాటు విషసంచి, దాన్ని పిండే కండరాలు, ఆ కండరాలను నడిపే నాడీముడి తెగి చర్మంలోనే ఉండిపోతాయి. ఈగ చచ్చిపోతుంది, తెగిన ముల్లు మాత్రం పని ఆపదు. ఉన్న విషంలో చాలాభాగం మొదటి 20 సెకన్లలోనే ఒంట్లోకి దిగుతుంది. అందుకే ముల్లును గోటితో గీకాలా, వేళ్ళతో పట్టి పీకాలా అని ఆలోచిస్తూ కూర్చోవడం దండగ. ఎలాగైనా సరే వెంటనే తీసేయాలి. ఈ సంగతి పరీక్ష చేసి 1996లో లాన్సెట్ వైద్యపత్రికలో ప్రచురించారు. ఆలస్యం చేస్తే ఇంకో నష్టం కూడా ఉంది. ఆ ముల్లు నుంచే అరటిపండు వాసన వస్తూ ఉంటుంది, మిగతా ఈగలకు గురి చూపిస్తూ ఉంటుంది.

ఈ గొలుసులో ప్రతి మెట్టు దగ్గరా ఒక హద్దు ఉంది. ఎంత కదలిక ఉంటే కాపలా ఈగ ముల్లు తీయాలి, ఎంత వాసన తగిలితే లోపలి ఈగ బయటికి రావాలి, ఎంతదూరం వెళ్ళాక వెనక్కి తిరగాలి అన్నవే ఆ హద్దులు. తేనెటీగల జనాభాల మధ్య తేడా అంతా ఈ హద్దుల ఎత్తుపల్లాల్లోనే ఉంది.

లెక్కపెట్టే పద్ధతి

ఈ హద్దులను కొలిచే పద్ధతి చాలా సాదాది. గూటి ద్వారం ముందు కొద్దిగా అలారం వాసన వదులుతారు. తర్వాత చిన్న తోలుముక్కను దారానికి కట్టి కొంతసేపు ఊపుతారు. మొదటి ఈగ ఎన్ని సెకన్లకు కుట్టింది, నిర్ణీత సమయంలో తోలులో ఎన్ని ముళ్ళు దిగాయి, ఆ ముక్క పట్టుకుని నడిచిపోతున్న మనిషిని ఎంతదూరం తరిమాయి అని లెక్క తీస్తారు. మాస్టారు మాచేత రాయించిన పట్టికలకు ఆధారం ఈ పద్ధతే.

అనిటా కాలిన్స్, థామస్ రిండరర్, వారి సహచరులు వెనిజులాలో ఆఫ్రికా, యూరప్ ఈగలు కలిసి పుట్టిన సంకర పట్లనూ అమెరికాలోని యూరప్ జాతి పట్లనూ ఇలా పోల్చి 1982లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. ఆఫ్రికా సంకరాలు ముందుగా స్పందించాయి, ఎక్కువ సంఖ్యలో బయటికొచ్చాయి, తోలులో ఎన్నో రెట్లు ఎక్కువ ముళ్ళు దించాయి. ఒక్కో ముల్లులో ఉండే విషం మాత్రం యూరప్ ఈగ కంటే ఎక్కువ కాదు. ఆఫ్రికా ఈగ ఒళ్ళు కాస్త చిన్నది కూడా. అంటే ప్రాణాపాయం విషపు ఘాటు వల్ల వచ్చింది కాదు, ఎన్ని ఈగలు ఒక్కసారిగా వచ్చాయన్న లెక్క వల్ల వచ్చింది.

ఒకే పట్టు కూడా అన్ని రోజులూ ఒకేలా ఉండదని ఇక్కడున్న తేనెరైతులకు నేను చెప్పక్కర్లేదు. పువ్వు నిండుగా ఉన్న రోజుల్లో పెట్టె తెరిచినా పట్టించుకోని ఈగలే, మేత కరువైన కాలంలో మూత కదిపితే మీదికొస్తాయి. బలమైన పట్టుకు కాపాడుకోవలసిన తేనె, పిల్ల ఎక్కువ. ఒక్కరోజు చూసి ఒక జనాభాకు పేరు పెట్టడం తప్పని చెప్పడానికి ఇది చాలు. ఎన్నో పట్లను, ఎన్నో రోజులు, ఒకే పద్ధతిలో కొలిచినప్పుడే వాటి మధ్య తేడా నిలుస్తుంది.

రియో క్లారో నుంచి టెక్సస్ దాకా

ఈ తేడాను లోకమంతా గమనించేలా చేసిన కథ బ్రెజిల్‌లో మొదలైంది. అమెరికా ఖండాల్లో తేనెటీగలు, అంటే ఏపిస్ ప్రజాతి, సహజంగా లేవు. యూరప్ నుంచి వలస వెళ్ళినవాళ్ళు తమ ఈగలను వెంట తీసుకువెళ్ళారు. చలిదేశపు ఆ ఈగలు బ్రెజిల్ ఉష్ణమండలంలో తేనె సరిగ్గా కూడబెట్టలేకపోయాయి. జన్యుశాస్త్రవేత్త వార్విక్ కెర్ దీనికి దారి వెతుకుతూ 1956లో ఆఫ్రికా వెళ్ళి, అక్కడి మైదానాల రాణి ఈగలను తెచ్చారు. ఉష్ణమండలంలో బాగా తేనె కూడబెట్టే ఆఫ్రికా ఈగను, సాధువైన యూరప్ ఈగతో కలిపి మంచి సంకరం తయారు చేయాలన్నది ఆయన ఉద్దేశం.

సావో పావులో రాష్ట్రంలో రియో క్లారో దగ్గర నీలగిరి చెట్ల తోపులో ఆ పట్లను పెట్టారు. రాణి బయటికి పోకుండా ద్వారాలకు జాలీలు బిగించారు. 1957లో అక్కడికి వచ్చిన ఒకరు, మేతకు పోయివచ్చే ఈగలకు జాలీలు అడ్డమవుతున్నాయనుకుని వాటిని తీసేశారు. 26 పట్లు రాణులతో సహా లేచిపోయాయి. అవి అడవిలో కలిసి, యూరప్ ఈగలతో సంకరమై, ఏటా కొన్ని వందల కిలోమీటర్ల చొప్పున విస్తరించాయి. 1982కు పనామా, 1986కు మెక్సికో చేరాయి. 1990 అక్టోబరులో టెక్సస్‌లోని హిడాల్గో దగ్గర మొదటి గుంపు దొరికింది. ఇంత పెద్ద భూభాగంలో ఇంత తక్కువ కాలంలో ఒక జంతు జనాభా మరో జనాభాను పక్కకు నెట్టి నిలబడ్డ సందర్భాలు చాలా అరుదు.

మనుషులూ పశువులూ చనిపోయిన మాట నిజం. పత్రికలు 'హంతక ఈగలు' అని రాసినమాటా నిజం. అంతగా చెప్పుకోని మాట ఒకటుంది. బ్రెజిల్ తేనెరైతులు పారిపోలేదు. పెట్టెలను ఇళ్ళకూ పశువులపాకలకూ దూరంగా జరిపారు. పెట్టెలన్నీ ఒకే బల్లమీద ఉంటే ఒకదాన్ని కదిపినప్పుడు పక్కవన్నీ రేగుతాయి కనుక ఒక్కోదాన్ని విడివిడిగా నిలబెట్టారు. పొగడబ్బాలు పెద్దవి చేయించుకున్నారు. మరీ కుట్టే పట్ల రాణులను మార్చారు. కెర్, ఆయన సహచరులు సాధువైన రాణులను పెంచి రైతులకు పంచారు. ఆ సంకర ఈగకు వర్రోవా పేను బెడదను తట్టుకునే శక్తి ఉండటం వల్ల మందుల అవసరం తగ్గింది. ఒకప్పుడు శాపమనిపించిన ఈగతోనే బ్రెజిల్ సేంద్రియ తేనె ఎగుమతిలో పేరు తెచ్చుకుంది. 2018లో కన్నుమూసేనాటికి కెర్ ఈ మార్పు కళ్ళారా చూశారు.

రెండు ఖండాలు, రెండు చరిత్రలు

ఆఫ్రికా ఈగా యూరప్ ఈగా ఒకే జాతి, ఏపిస్ మెల్లిఫెరా. ఉపజాతులు వేరు. కెర్ తెచ్చినది స్కుటెల్లాటా, తూర్పు, దక్షిణ ఆఫ్రికా మైదానాలది. ఆ మైదానాల్లో హనీ బ్యాడ్జర్ అనే జంతువు తేనె కోసం గూడు చీల్చేస్తుంది. దండు కట్టి వచ్చే చీమలున్నాయి. వీటన్నిటికీ మించి మనిషి ఉన్నాడు. ఆఫ్రికాలో మనిషి తేనె కోసం గూళ్ళు కొల్లగొట్టడం మానవచరిత్ర అంత పాతది. కొల్లగొట్టినప్పుడు చేతికి చిక్కేది ఊరుకున్న గూడు. తిరగబడ్డ గూడు తేనె దక్కించుకుని, పిల్లను దక్కించుకుని, మరో గుంపును పుట్టిస్తుంది. ఆలోచించడానికి వ్యవధి తీసుకున్న పట్టుకు వారసులు మిగలరు.

యూరప్‌లో తేనెటీగకు అసలు పరీక్ష చలికాలం. నెలల తరబడి పువ్వు లేని కాలాన్ని దాటడానికి కావలసింది తేనె నిల్వ. కుట్టి చచ్చే ప్రతి ఈగా ఆ నిల్వకు ఒక కూలి తక్కువ. అదీగాక అక్కడి మనిషి శతాబ్దాలుగా తేనెటీగలను బుట్టల్లో, దుంగల్లో, పెట్టెల్లో ఇంటి పక్కనే పెట్టుకుని సాకాడు. సాకేవాడు సాధువైన పట్టునే విడదీసి పెంచుతాడు. మనిషి రెండు ఖండాల్లోనూ ఉన్నాడు. ఒకచోట దోచుకునేవాడిగా, మరోచోట సాకేవాడిగా ఉన్నాడు. రెండుచోట్లా ఈగ అతనికి తగ్గట్టే మారింది.

ఖండం పేరుతో అంతా తేలిపోదు. ఆఫ్రికాలోనే ఎత్తైన కొండల మీద ఉండే మోంటికోలా ఉపజాతి సాధువుగా ఉంటుందని పేరు. దక్షిణ కొసన ఉండే కేప్ ఈగ కూడా స్కుటెల్లాటా అంత రేగదు. కనుక 'ఆఫ్రికా ఈగ' అని ఒక్క ముద్ర వేయడం శాస్త్రం కాదు. ఏ ఎత్తున, ఏ వాతావరణంలో, ఏ శత్రువుల నడుమ అని అడిగితేనే తేడా అర్థమవుతుంది.

పట్టు లోపల

ఇక ఈ స్వభావం తరం నుంచి తరానికి ఎలా అందుతుంది? రాణి ఈగ ఆకాశంలో పది, ఇరవై దాకా పోతుటీగలతో కలుస్తుంది. అందుకే ఒకే రాణి పిల్లలైనా పట్టులో ఎన్నో తండ్రుల సంతానం ఉంటుంది. మైకేల్ బ్రీడ్, జీన్ రాబిన్సన్, రాబర్ట్ పేజ్ 1990లో చూపించింది ఆసక్తికరమైన సంగతి. ద్వారం దగ్గర కాపలా కాసే ఈగలూ, ఎగిరివచ్చి కుట్టే ఈగలూ ఒకే పట్టులో వేర్వేరు తండ్రుల వైపు మొగ్గుతాయి. కాపలా ఒక వంశం పనైతే, కుట్టడం మరో వంశం పని. ఆ వంశాల పాళ్ళు ఎలా కలిశాయన్నదే పట్టు తీరు.

1998లో గ్రెగ్ హంట్ బృందం, కుట్టే గుణంతో ముడిపడిన జన్యుభాగాలను క్రోమోజోముల మీద గుర్తించింది. మెక్సికోలో ఎర్నెస్టో గుజ్మాన్-నోవోవా చేసిన సంకరాల్లో మరో విశేషం బయటపడింది. ఆఫ్రికా వంశం తండ్రి వైపు నుంచి వచ్చినప్పుడు, తల్లి వైపు నుంచి వచ్చినప్పటికన్నా పట్టు ఎక్కువగా కుట్టింది. అంటే ఎవరి పిల్ల అన్నదే కాదు, ఏ వైపు నుంచి వచ్చిన పిల్ల అన్నది కూడా లెక్కకు వస్తుంది.

జన్యువులతోనే కథ ముగియదు. ఒక పట్టు పురుగులను మరో పట్టులో పెట్టి పెంచి చూశారు. దూకుడు పట్టులో పెరిగిన ఈగ, పెద్దయ్యాక, సాధు పట్టులో పెరిగిన తోబుట్టువు కంటే దూకుడుగా ఉంది. క్లేర్ రిట్చాఫ్ బృందం 2015లో ఈ సంగతి ప్రచురించింది. అంతకుముందు 2009లో సెడ్రిక్ అలో, జీన్ రాబిన్సన్ తదితరులు ఈగ మెదడులో జన్యువుల పనితీరును చూశారు. అలారం వాసన తగిలినప్పుడు ఈగ మెదడులో జరిగే మార్పులకూ, ఆఫ్రికా సంకర ఈగ మెదడు మామూలుగా ఉండే స్థితికీ చాలా పోలిక కనిపించింది. యూరప్ ఈగ ప్రమాదం వచ్చాక చేరే స్థితికి ఆఫ్రికా సంకరం ముందే దగ్గరగా నిలబడి ఉంటుందన్నమాట. క్షణంలో వచ్చే మార్పు, వేల తరాల్లో వచ్చిన మార్పు ఒకే జన్యువుల గుంపు మీదుగా నడుస్తున్నాయి. తరతరాల అనుభవం, ఒక జీవితంలోని అనుభవం ఒకే దారిలో కలుస్తాయన్న ఈ సంగతి నాకు ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడిచేలా చేస్తుంది.

ప్యూర్టో రికో పాఠం

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది కరీబియన్ సముద్రంలోని ప్యూర్టో రికో ద్వీపం. ఆఫ్రికా సంకర ఈగ అక్కడ మొదటిసారి 1994లో కనిపించింది. రాగానే, మిగతాచోట్ల చేసినట్టే మనుషులను కుట్టింది. తర్వాత పదేళ్ళు గడిచేసరికి అక్కడి తేనెరైతులు తేడా గమనించారు. ఈగ మునుపటిలా లేదు. ప్యూర్టో రికో విశ్వవిద్యాలయంలో తుగ్రుల్ గిరాయ్ బృందం కొలతలు తీసి 2012లో ప్రకటించింది. ద్వీపంలోని ఈగలు ఒంటితీరులో, వంశంలో ఆఫ్రికా సంకరాలే. వర్రోవా పేనును తట్టుకునే గుణమూ పోలేదు. కుట్టే తీరు మాత్రం యూరప్ ఈగల స్థాయికి దిగింది.

ద్వీపం చిన్నది, జనం కిక్కిరిసి ఉన్నారు. ఎక్కడ గూడు పెట్టినా మనిషికి దగ్గరే. కుట్టిన గూడును జనం, అగ్నిమాపక సిబ్బంది వెతికి నాశనం చేశారు. ఎవరినీ కుట్టని గూడు గోడసందులో ఉన్నా ఎవరికీ పట్టలేదు. ఆఫ్రికాలోలా గూడు చీల్చే జంతువులూ అక్కడ లేవు. తిరగబడటం వల్ల దక్కే లాభం పోయింది, తిరగబడినందుకు శిక్ష మిగిలింది. ఇలా సాధువైనవే మిగిలి, అవే గుంపులు పెట్టి విస్తరించాయని పరిశోధకుల వివరణ.

2017లో అర్యాన్ అవాలోస్ తదితరులు వాటి జన్యుపటాన్ని మెక్సికో ఈగలతో, యూరప్ ఈగలతో పోల్చారు. ఒక్క జన్యువులో కాక జన్యుపటంలో ఎన్నో చోట్ల ఎంపిక ఆనవాళ్ళు దొరికాయి. జన్యువైవిధ్యం మాత్రం సన్నగిల్లలేదు. 2020లో వాళ్ళే మరో ప్రశ్న వేశారు. ఒకే పట్టులో కుట్టే ఈగకూ, మేతకు పోయే ఈగకూ జన్యువుల్లో తేడా ఉందా? చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. పట్టుకూ పట్టుకూ పోల్చినప్పుడు మాత్రం తేడా స్పష్టంగా తేలింది. పట్టు మొత్తంలో ఫలానా జన్యురూపాలు ఎంత పాలు ఉన్నాయన్నదే ఆ పట్టు దూకుడును చెప్పగలిగింది. సాధువైన జనంలో ఉన్న ఈగ సాధువుగా ఉంటుంది. మొదట్లో నేనన్నమాట, తిరగబడటం పట్టు నిర్ణయమన్నది, ఇక్కడ జన్యుపటంలో రాసి ఉంది.

ఆసియా ఆయుధాలు

ఇప్పటిదాకా కుట్టడం గురించే మాట్లాడాను. ఆసియా తేనెటీగలను చూస్తే రక్షణంటే కుట్టడమొక్కటే కాదని తెలుస్తుంది. థామస్ సీలీ, ఆయన సహచరులు 1982లో థాయ్‌లాండ్‌లో మూడు జాతులను పక్కపక్కన పోల్చారు. ఆ మూడూ మన నేలమీదా ఉన్నవే. పొదల్లో చిన్న పట్టు పెట్టే ఏపిస్ ఫ్లోరియా దాక్కుని బతుకుతుంది. చీమలు పట్టును చేరకుండా కొమ్మ చుట్టూ జిగురుకట్లు పూస్తుంది. దొరికిపోతే పట్టు వదిలి వెళ్ళిపోతుంది. చెట్టుతొర్రలో, పుట్టలో ఉండే ఏపిస్ సెరానా ఇరుకు ద్వారాన్ని నమ్ముకుంటుంది. చెట్టు పైకొమ్మకూ కొండచరియకూ పెద్ద పట్టు వేలాడదీసే ఏపిస్ డార్సాటా బాహాటంగా బతుకుతుంది కనుక దాని రక్షణా బాహాటమే. ఎన్నో పొరల ఈగలు పట్టును కప్పి ఉంటాయి, అవసరమైతే ఒక్కసారిగా దిగుతాయి.

డార్సాటా పట్టు ముందు కందిరీగ ఎగిరితే, ఈగలు పొట్టలు వరసగా పైకెత్తుతాయి. పట్టుమీద అల కదిలినట్టు నల్లని మెరుపు పాకుతుంది. గెరాల్డ్ కాస్ట్‌బెర్గర్ బృందం దీన్ని నేపాల్‌లో చిత్రీకరించి 2008లో చూపించింది. ఆ అల చూసి కందిరీగ వెనక్కి తగ్గుతుంది, ఒక్క ఈగా చావకుండానే పని అవుతుంది.

జపాన్‌లో సెరానా ఈగలది మరో విద్య. రాకాసి కందిరీగ గూటికి వస్తే వందల ఈగలు దాని చుట్టూ బంతిలా కమ్ముకుని కండరాలు కదిపి వేడి పుట్టిస్తాయి. బంతి లోపల ఉష్ణోగ్రత 46, 47 డిగ్రీలకు చేరుతుంది. కందిరీగ ఆ వేడికి చస్తుంది, ఈగ మరో రెండు మూడు డిగ్రీలు ఓర్చగలదు. మసాతో ఓనో బృందం 1995లో నేచర్ పత్రికలో దీన్ని వివరించింది. జపాన్‌కు తెచ్చిన యూరప్ ఈగకు ఈ విద్య రాదు. ఒక్కొక్కటిగా ఎదురెళ్ళి చస్తుంది, కొన్ని పదుల కందిరీగలు కొన్ని గంటల్లోనే పట్టును తుడిచిపెట్టేస్తాయి. సైప్రస్ ఈగలు, అక్కడి కందిరీగ వేడిని ఓర్చుకోగలదు కనుక, దాని పొట్టమీద గాలిరంధ్రాలు మూసుకునేలా కమ్మి ఊపిరాడకుండా చేస్తాయి. వియత్నాంలో సెరానా ఈగలు పశువుల పేడ తెచ్చి ద్వారం చుట్టూ చుక్కలుగా అంటిస్తాయని హీథర్ మాటిలా బృందం 2020లో తెలిపింది. పేడ అంటిన గూటిని కందిరీగలు తక్కువగా కొరుకుతాయి.

ఎక్కడి శత్రువుకు తగ్గ ఆయుధం అక్కడ తయారైంది. శత్రువును ఎరగని ఈగను తెచ్చి దింపితే నిరాయుధంగా నిలబడింది.

మన ఊళ్ళలో

మన రెండు రాష్ట్రాల్లో పెట్టెల్లో పెంచే 'ఇటాలియన్' ఈగ కూడా యూరప్ మెల్లిఫెరానే. 1962లో కాంగ్రా లోయలోని నగ్రోటా బగవాన్‌లో అత్వాల్ బృందం దీన్ని భారతదేశంలో నిలదొక్కుకునేలా చేసింది. ఇది శతాబ్దాల పాటు సాకిన ఈగ కనుక పొద్దుతిరుగుడు చేల మధ్య లారీల్లో తిప్పినా సర్దుకుపోతుంది. దీన్ని చూసి మన పెద్ద తేనెటీగను, అంటే డార్సాటాను, అంచనా వేయకూడదు. నల్లమలలో చెంచులు తరతరాలుగా కొండచరియల్లోంచి తాళ్ళమీద వేలాడుతూ ఆ పట్టు తీస్తున్నారు. ఎప్పుడు తీయాలో, ఎంత పొగ పట్టాలో, ఎంత పట్టు వదిలేయాలో వాళ్ళకు తెలుసు. పొగ పట్టినప్పుడు ఈగ మీసాలు అలారం వాసనను సరిగ్గా పసిగట్టలేవనీ, పది ఇరవై నిమిషాల్లో ఆ శక్తి తిరిగి వస్తుందనీ 1995లో ప్రయోగశాల పరీక్షల్లో తేలింది.

పట్నాల్లో నీళ్ళట్యాంకు కింద, అపార్టుమెంటు సజ్జా కింద కనిపించేదీ ఈ పెద్ద తేనెటీగే. అది పువ్వుల కాలానికి వచ్చి, కాలం అయిపోగానే వెళ్ళిపోయే వలసజీవి. అయినా కనబడగానే రాత్రికిరాత్రి మంటపెట్టడం మనకు అలవాటైంది. గుళ్ళ దగ్గర, విహారయాత్రల్లో ఈగలు రేగాయని పత్రికల్లో చదివినప్పుడు కారణం వెతకండి. పట్టు కింద పొయ్యి వెలిగించడమో, టపాకాయలు కాల్చడమో, ఎవరో రాయి విసరడమో కనిపిస్తుంది.

రేగితే ఏం చెయ్యాలో కూడా చెప్పి ముందుకు పోతాను. చేతులు ఊపకండి, అక్కడే నిలబడకండి. ముఖం కప్పుకుని, తిన్నగా పరుగెత్తి తలుపున్న గదిలోకో కారులోకో వెళ్ళండి. నీళ్ళలో దూకితే ఈగలు పైన కాచుకుని ఉంటాయి. ముళ్ళు వెంటనే తీసేయండి. కుట్లు ఎక్కువైనా, ఒక్క కుట్టుకే ఊపిరి ఆడకపోయినా, ఒళ్ళంతా దద్దుర్లు వచ్చినా 108కి ఫోన్ చేయండి. చాలా కుట్లు పడినవాళ్ళకు మొదటిరోజు బాగున్నట్టు అనిపించినా తర్వాత కిడ్నీలు దెబ్బతినవచ్చు, కనుక ఆస్పత్రిలో చూపించుకోవడం తప్పనిసరి.

మన బాధ్యత

ప్యూర్టో రికోను మళ్ళీ తలచుకోండి. అక్కడ జనం కుట్టినదాన్ని తీసేశారు, కుట్టనిదాన్ని వదిలేశారు. ఎవరూ అనుకుని చేసింది కాకపోయినా అది ఎంపిక. ఆ ఎంపిక వల్లే ఈగ మారింది. మనం చేస్తున్నదేమిటి? కనబడ్డ ప్రతి పట్టునూ కాలుస్తున్నాం. నెలల తరబడి ఎవరినీ ముట్టని పట్టూ, దారినపోయేవాణ్ణి తరిమిన పట్టూ ఒకే మంటలో పోతున్నాయి. ఇందులో ఎంపిక లేదు, కనుక దీనివల్ల ఈగ సాధువయ్యే అవకాశమూ లేదు. పోయేది పరాగసంపర్కం చేసే కూలీలు. పొద్దుతిరుగుడు గింజ నిండటానికి, దోస, గుమ్మడి పిందె నిలవడానికి ఆ కూలీలే దిక్కు.

కాబట్టి మూడు పనులు చేద్దామని కోరుతున్నాను. ఊళ్ళో పట్టు కనబడితే ముందు అది ఎవరినైనా కుట్టిందా అని అడుగుదాం. కుట్టకపోతే చుట్టూ తాడు కట్టి, బోర్డు పెట్టి, కాలం అయ్యేదాకా వదిలేద్దాం. తీయక తప్పనిచోట మంట పెట్టకుండా, పొగపెట్టి పట్టు దించడం తెలిసినవాళ్ళను పిలుద్దాం. చెంచు యువకులకు ఆ పనిలో శిక్షణ, రక్షణ దుస్తులు, సరైన కూలి ఇప్పిద్దాం. మూడోది తేనెరైతులకు. మీ పెట్టెల్లో ఏది ఎన్ని ముళ్ళు దించిందో ఏడాదిపాటు రాసిపెట్టండి. తక్కువ కుట్టి ఎక్కువ తేనె ఇచ్చిన పట్టు నుంచే రాణులను పెంచండి.

తేనెటీగ రేపు ఎలా ఉంటుందన్నది కొంతవరకు మన చేతుల్లో ఉంది. ఆఫ్రికాలో దోచుకున్నాం, అది తిరగబడటం నేర్చింది. యూరప్‌లో సాకాం, ఓర్పు నేర్చింది. ప్యూర్టో రికోలో కుట్టినదానికి శిక్ష వేసి కుట్టనిదాన్ని బతకనిచ్చాం, పదిపన్నెండేళ్ళలో మారింది. మన ఊళ్ళలో ఏం నేర్పుతామో తేల్చుకోవలసింది మనమే. పట్టిక పట్టుకుని లెక్కపెట్టడం మాస్టారు మనకు నేర్పి వెళ్ళారు. లెక్కపెట్టాకే చెయ్యి ఎత్తుదాం.